ఆగు, మొదటి నుంచి చెప్పు

పత్రికాఫీసులో ముప్పై ఏళ్లూ నేను చేసిన పని దాదాపు ఒక్కటే. ఫోను చెవికి ఆనించుకుని, అవతలి మనిషి చెప్పే వార్తను కాగితం మీదికి ఎక్కించడం. ఏలూరు ఆఫీసులో నా బల్ల మీద ఒక నల్ల ఫోను ఉండేది. భీమడోలు నుంచి, కైకలూరు నుంచి, కొల్లేటి లంకల నుంచి మా విలేకరులు దానికే చేసేవారు. లైన్లో ఎప్పుడూ గరగరలు. పడవ, పెళ్లివారు, తెగిన గట్టు, ఎమ్మార్వోగారు, అన్నీ ఒకే వాక్యంలో కలిపి ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసేవారు. నేను "ఆగండి. మొదటి నుంచి చెప్పండి" అనేవాణ్ని. నా పదవీ విరమణ సభలో కుర్రాళ్లు నన్ను అనుకరించినప్పుడు కూడా ఈ రెండు వాక్యాలే ఎంచుకున్నారు. హాలంతా నవ్వింది. నేను దాన్ని సన్మానంలో భాగమే అనుకున్నాను.

లంక గ్రామాల విలేకరి ఒకాయన ఉండేవారు. చేపల వ్యాపారి కొట్టులోంచి ఫోన్ చేసేవారు. మాట మొదట్లో ఆయనకు కొంచెం తట్టుకునేది. నేను ఆగమంటే ఆగేవారు. మొదటి నుంచి అంటే మొదటికి వెళ్లేవారు. ఆ మొదట్లోనే మళ్లీ తట్టుకునేవారు. కొన్నాళ్లకు ఆయన ఫోన్లు మానేసి, వార్త కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, ఏలూరు వచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపడం మొదలుపెట్టారు. కవరు సాయంత్రానికి చేరేది, అప్పుడప్పుడూ చేపల వాసనతో. "చూశారా, నా చేతిలో పడ్డాక మనిషికి రాయడం పట్టుబడింది" అని ఆఫీసులో చాలాసార్లు చెప్పుకున్నాను. ఈ విలేకరి సంగతి మళ్లీ నాకే గుర్తొచ్చే రోజు ఒకటి వచ్చింది. అందుకే ముందుగా చెప్పి ఉంచుతున్నాను.

పోయినేడు వానాకాలంలో మా అమ్మాయి నాలుగున్నరేళ్ల కూతుర్ని తీసుకుని మా ఇంటికొచ్చింది. అమ్మాయి ప్రభుత్వ బడిలో టీచరు. వర్క్ అడ్జస్ట్‌మెంట్ పేరుతో కొల్లేటి ఒడ్డున ఒక ఊరి బడికి కొన్ని నెలలపాటు వేశారు. అల్లుడిది తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో పని. అక్కణ్నుంచి రోజూ అంత దూరం తిరగలేక, దసరా దాకా ఏలూరులోనే ఉండేట్టు ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున్నే అమ్మాయి బస్సెక్కేది. మనవరాలు మా వీధి చివరి బడిలో యూకేజీకి వెళ్లి, మధ్యాహ్నం నుంచి మా దగ్గరుండేది.

వచ్చిన కొత్తలో ఆ పిల్ల నోరు మూతపడేది కాదు. బల్లి ఎందుకు కింద పడదు, అమ్మమ్మ పళ్లు తీసి గ్లాసులో పెడుతుంది కదా, తాతయ్యవి ఎందుకు ఊడి రావు, ఇలాంటివి. చెప్పాల్సింది ఎక్కువై, నోరు చిన్నదై, మొదటి అక్షరం రెండు మూడుసార్లు వచ్చేది. "తా తా తాతయ్యా, బ బ బల్లి" అని. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు, ఆదివారం పేజీవాళ్లు ఫోన్ చేసేదాకా.

డెస్కులో కొత్తగా చేరిన అమ్మాయి. "సార్, పిల్లల మనస్తత్వ శాస్త్రం పేరుతో పూర్వం చేసిన అన్యాయాల మీద ఒక అరపేజీ కావాలండి. మీరైతే నెమ్మదిగా, వివరంగా రాస్తారని మా ఇన్‌ఛార్జిగారు చెప్పారండి" అంది. నెమ్మదిగా అన్న మాటకి పొంగిపోయాను. అది నా వయసు గురించి కూడా అయి ఉండొచ్చని అప్పుడు తోచలేదు. "ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఉంటే ఇంట్రోలో కాస్త హ్యూమన్ టచ్ కూడా పెట్టండి సార్" అని చివర్లో కలిపింది.

అలా మా ఇంట్లో సైన్సు ప్రవేశించింది. లైబ్రరీలో కూర్చున్నాను, ఇంటర్నెట్ చూశాను, నోట్‌బుక్ నింపాను. చదివినకొద్దీ ఒళ్లు మండింది. తెల్ల ఎలుకతో బెదురు లేకుండా ఉన్న పసివాడికి, ఎలుకను చూపించినప్పుడల్లా వెనక నుంచి ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టి, ఎలుకంటేనే జడుసుకునేలా చేసిన పెద్దమనుషులున్నారు. ఆ బెదురు పోగొట్టకుండానే బిడ్డను పంపేశారు. కవల పిల్లల్ని విడదీసి వేర్వేరు ఇళ్లకు దత్తతిచ్చి, ఎవరికీ నిజం చెప్పకుండా ఏళ్ల తరబడి నోట్సు రాసుకున్నవాళ్లున్నారు.

అన్నిటికంటే నన్ను కుదిపింది ఒక అనాథాశ్రమం సంగతి. అమెరికాలో, రెండో ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు. మాట బాగానే ఉన్న కొందరు పిల్లల్ని ఎంచుకుని, మీకు నత్తి లక్షణాలున్నాయని చెప్పారు. అలా పదే పదే చెబితే నిజంగా నత్తి వస్తుందో లేదో చూద్దామని. పిల్లలు మాట్లాడటం తగ్గించేశారు. కొందరు చదువులోనూ వెనకబడ్డారు. ఎన్నో ఏళ్లకు ఆ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పుకుంది. అప్పటికి ఆ పిల్లలు ముసలివాళ్లయ్యారు.

దీన్ని నా వ్యాసంలో నాలుగో పేరాగా పెట్టాను. ఆ పిల్లలకు ఏమేం చెప్పారో నా మాటల్లో కుదించి రాశాను. మాట్లాడే ముందు ఆగమన్నారు. ఊపిరి తీసుకోమన్నారు. తడబడితే వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టమన్నారు. సరిగ్గా వస్తుందనుకుంటేనే నోరు తెరవమన్నారు. ఇదంతా రాసి, "పసిగొంతుల మీద ఉక్కుపాదం" అని ఉపశీర్షిక పెట్టాను. నాకే బాగా నచ్చింది.

ఇక హ్యూమన్ టచ్. మొదట, పుస్తకంలో చదివిన మిఠాయి పరీక్ష చేశాను. పిల్ల ముందు ఒక కొబ్బరి లౌజు పెట్టి, "నేను వీధి చివరిదాకా వెళ్లొస్తాను. అప్పటిదాకా తినకుండా ఉంటే రెండోది ఇస్తాను" అన్నాను. నేను చెప్పులేసుకునే లోపల లౌజు లేదు.

"రెం రెం రెండోది?" అంది చెయ్యి చాపి.

"రెండోది ఆగినవాళ్లకి."

"డబ్బాలో చాలా ఉన్నాయిగా!"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. ఆవిడ ఏ విషయంలోనైనా వంటింట్లోంచే తీర్పు చెబుతుంది. "చంటిదానికి తినడానికి పెట్టి మళ్లీ పరీక్షేంటండీ? పొద్దుట్నుంచి మీరు మూడు తిన్నారు. మీకెవరు పెట్టారు పరీక్ష?"

ఈ సంఘటన వ్యాసంలోకి ఎక్కలేదు. కానీ ఆ "రెం రెం రెండోది" నా చెవిలో ఉండిపోయింది. పొద్దున్నే నత్తి గురించి చదివినవాడికి మధ్యాహ్నం నత్తి వినపడుతుంది. నోట్‌బుక్కులో వెనక పేజీ తీసి రాయడం మొదలుపెట్టాను. ఎనిమిదీ పదికి, పాలు, మూడుసార్లు. తొమ్మిదికి, రిబ్బను, రెండుసార్లు. వారం తిరిగేసరికి నా దగ్గర బోలెడు సమాచారం పోగైంది. అంత సమాచారం చేతిలో ఉన్న పత్రికవాడు ఊరుకోడు.

"ఆగమ్మా" అన్నాను, పిల్ల బడిలో ఎవరో పెన్సిలు మింగబోయిన సంగతి చెబుతుంటే. "గట్టిగా ఊపిరి తీసుకో. ఆఁ. ఇప్పుడు మొదటి నుంచి చెప్పు."

పిల్ల బుద్ధిగా ఊపిరి తీసుకుంది. మొదటి నుంచి చెప్పింది. మళ్లీ తట్టుకుంది. మళ్లీ ఆపాను. మూడోసారికి, పెన్సిలు మింగబోయినవాడు ఏమయ్యాడో నాకు తెలియకుండానే కథ అయిపోయింది.

రోజూ ఇదే వరస. పొద్దున నాలుగో పేరాకు మెరుగులు దిద్దేవాణ్ని, సాయంత్రం పిల్లకు మెరుగులు దిద్దేవాణ్ని. రెండింటికీ మధ్య అన్నం తిని కాసేపు పడుకునేవాణ్ని. బహుశా ఆ నిద్రలోనే రెంటికీ ఉన్న సంబంధం జారిపోయి ఉంటుంది. ఒక సాయంత్రం అల్లుడితో ఫోన్లో, "కంగారేం లేదండీ అల్లుడుగారూ, కొంచెం నత్తి కనిపిస్తోంది, నేను చూసుకుంటున్నాను" అని కూడా చెప్పాను. పిల్ల అక్కడే, కుర్చీ కింద, బొమ్మకు జడ వేస్తోంది.

మూడు వారాలు గడిచేసరికి ఫలితం కనిపించింది. తట్టుకోవడం తగ్గింది. నోట్‌బుక్కులో ఒక రోజంతా ఖాళీ. మా ఆవిడకు చూపించాను. "చూశావా, మందూ మాకూ లేకుండానే."

ఆవిడ నోట్‌బుక్కు వైపు కాదు, పిల్ల వైపు చూసింది. పిల్ల గ్లాసు పైకెత్తి చూపిస్తోంది, మంచినీళ్లు కావాలని. "నోరు తెరిచి అడిగి రెండు రోజులైందండీ" అంది ఆవిడ. "మీ లెక్కలో అదెక్కడ రాశారో చూపించండి."

మరునాడు బడి నుంచి డైరీలో కబురు, ఒకసారి వచ్చి కలవమని. ఇద్దరం వెళితే టీచరమ్మ మెత్తగానే మొదలుపెట్టింది. "పాప క్లాసులో అస్సలు మాట్లాడట్లేదండీ. పద్యం చెప్పమన్నా తల అడ్డంగా ఊపుతుంది. నిన్న దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే, నా చెవిలో ఒక్క మాట చెప్పిందండీ."

"ఏమందండీ?" అంది మా ఆవిడ.

"నాకు నత్తి టీచర్, నేను చెప్పకూడదు, అంది. ఎవరన్నారమ్మా అంటే, మా తాతయ్య పేపర్లో రాస్తాడు, ఆయనకి తెలుసు, అంది."

ముప్పై ఏళ్లలో నా మాటను ఇంత పూర్తిగా నమ్మిన పాఠకురాలు నాకు ఇంకెవరూ దొరకలేదు.

ఇంటికి వచ్చేదాకా మా ఆవిడ నాకు పదడుగులు ముందే నడిచింది. ఆ నడక ఎలా ఉంటుందో పెళ్లయినవాళ్లకు చెప్పక్కర్లేదు. నేనే, "డాక్టరుకు చూపిద్దాం" అన్నాను.

వట్లూరు వైపు, ఒక మేడ మీద, పిల్లల మాటలకు వైద్యం చేసే డాక్టరమ్మ ఉంది. వెయిటింగ్ గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు జంతువుల పటాలు. ఏనుగు బొమ్మకూ ఒంటె బొమ్మకూ మధ్య, అద్దంలా మెరిసే కవరులో, నా వ్యాసం. అరపేజీ, ఉపశీర్షికతో సహా. మూలన పదేళ్ల కిందటి నా ఫోటో, అప్పటి జుట్టుతో. వ్యాసం అంతకు రెండు ఆదివారాల ముందే అచ్చయింది. మా ఆవిడా పిల్లా కూర్చోగా మిగిలిన ఒకే ఒక్క కుర్చీ దాని కింద ఉంది. కూర్చున్నాను.

ఎదురుగా కూర్చున్నావిడ ఫోటోను చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఫోటోను చూసింది. "ఏవండీ, ఈయన మీ తమ్ముడుగారా అండీ? మంచి సంగతులు రాశారు" అంది. అవునని తల ఊపాను. ఆ క్షణంలో అంతకంటే మేలైన చుట్టరికం తట్టలేదు.

మా ఆవిడ నేను రాసినవి ఎప్పుడూ చదవదు. రోజంతా వింటున్నది చాలు, మళ్లీ చదవడం కూడానా అంటుంది. ఆ రోజు చేతిలో వేరే కాగితం లేక, కళ్లజోడు పెట్టుకుని లేచి నిలబడి, గోడ మీది వ్యాసం మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఏవండీ."

"ఊఁ."

"నాలుగో పేరా కూడా మీరే రాశారా?"

"మొత్తం నేనే."

"ఆగమన్నారు, ఊపిరి తీసుకోమన్నారు, మళ్లీ మొదలుపెట్టమన్నారు..." వేలితో వరస వెంబడి పోతూ చదివింది. తర్వాత కళ్లజోడు తీసి పమిటతో తుడుచుకుంది. "వీళ్లెవరో మీకు బాగా తెలిసినవాళ్లలా ఉన్నారే."

నా తల మీద ఆ వ్యాసం, కింద నేను. పక్కన మా మనవరాలు, గోడ మీది ఏనుగును వేలితో చూపిస్తూ, దాని పేరు చెప్పకుండా. సరిగ్గా అప్పుడే నాకు లంకల విలేకరి గుర్తొచ్చారు. రాయడం పట్టుబడి ఆయన కవర్లు పంపలేదు. నాతో మాట్లాడకుండా వార్త పంపే దారి వెతుక్కున్నారు. ఆ దారి ఏలూరు బస్సు రూపంలో దొరికింది. ఈ చిన్న వార్త నాకు చేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

డాక్టరమ్మ పిల్లతో అరగంట సేపు నేల మీద కూర్చుని ఆడింది. తర్వాత మమ్మల్ని పిలిచింది. "ఈ వయసులో మొదటి అక్షరం రెండు మూడుసార్లు రావడం చాలామందిలో చూస్తామండీ. ఎక్కువమందికి దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే నేను చూస్తాను. కానీ మాట మానేయడమే నాకు నచ్చట్లేదు. ఇంట్లో ఎవరైనా మధ్యలో ఆపుతున్నారా అండీ?"

మా ఆవిడ గడ్డంతో బయటి గోడను చూపించింది.

డాక్టరమ్మకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వకుండా ఉండటానికి ఎంతో కష్టపడింది, పాపం. "అయితే నాకు పని తగ్గిందండీ. ఏం చేయకూడదో మీకు నాకంటే బాగా తెలుసు. తను చెప్పేటప్పుడు పూర్తయ్యేదాకా వినండి, అంతే" అంది.

సాయంత్రం బస్సు దిగివచ్చిన అమ్మాయికి అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆగి, "నాన్నగారూ, చిన్నప్పుడు మీతో ఏదైనా చెప్పాలంటే ముందు అమ్మ దగ్గర రిహార్సల్ వేసుకునేదాన్ని. మీకు తెలుసా?" అంది.

తెలియదన్నాను.

"దానికి ఆ పని పెట్టకండి" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో నేను బహు జాగ్రత్తగా బతికాను. పిల్ల మెల్లమెల్లగా మాటల్లోకి వచ్చింది, వాళ్ల అమ్మతో, అమ్మమ్మతో. వంటింట్లోంచి "అ అ అమ్మమ్మా" అని వినబడితే నాకు ప్రాణం లేచొచ్చేది. మంచినీళ్ల వంకతో నేను లోపలికి అడుగుపెడితే అక్కడితో మాట ఆగిపోయేది. పూర్వం నా ఆఫీసులో కుర్రాళ్లు కూడా ఇలాగే ఆపేసేవారు. వాళ్లకు నేనంటే గౌరవం అనుకునేవాణ్ని. నోట్‌బుక్కులో వెనక పేజీలు చింపేశాను. అదీ పిల్ల చూడాలని, అరుగు మీద కూర్చుని చింపాను. పిల్ల చూసి, ఆ కాగితాలతో పడవలు చేసిపెట్టమని సైగ చేసింది. చేశాను. మాట మాత్రం రాలేదు. దసరాకు వాళ్లు వెళ్లిపోతారు. ఆ లోగా ఆ పిల్ల నాకు ఒక్క సంగతైనా తనంతట తాను చెబుతుందా అని రోజులు చూసుకుంటూ గడిపాను.

చెప్పకుండానే దసరా సెలవులు వచ్చాయి. అమ్మాయికి ఆ బడిలో రికార్డులు అప్పగించే పని మిగిలిపోయి, పిల్లను తాడేపల్లిగూడెంలో దింపే బాధ్యత నా మీద పడింది. మధ్యాహ్నం ప్యాసింజరు. పిల్లకు కిటికీ, నాకు పక్క సీటు. దెందులూరు దాటేదాకా ఇద్దరం చేలు చూశాం. తర్వాత ఒక చెరువు గట్టు మీద తెల్ల కొంగలు కనిపించాయి.

"తా తా తాతయ్యా" అంది కిటికీ వైపే చూస్తూ. "మొ మొ మొన్న అమ్మతో ప ప పడవెక్కాను కదా."

నేను కదల్లేదు. కదిలితే ఎగిరిపోతుందేమోనన్నట్టు కూర్చున్నాను.

కొల్లేటి మధ్యలో గూడబాతును చూసిందట. దాని మూతి కింద సంచీ ఉందట. అందులో ఏముందని పడవాయన్ని అడిగితే చేపలన్నాడట. అంటే అది బడికి తెచ్చుకున్న క్యారేజీ అన్నమాట. మరి దాని బడి ఎక్కడ? ఇక్కడిదాకా వచ్చేసరికి రైలు భీమడోలులో ఆగింది. ద్వారకా తిరుమల నుంచి తిరిగి వెళుతున్నవాళ్లు ఎక్కారు. గుండుకు చందనం రాసుకున్న పెద్దావిడ ఒకరు మా ఎదుట కూర్చుని, ఒళ్లో ప్రసాదం సంచీ పెట్టుకుని, పిల్ల వైపు ముద్దుగా చూసింది.

"అ అ అప్పుడు ఆ బా బా బా..." అంటోంది పిల్ల.

"కంగారు పడకమ్మా" అంది పెద్దావిడ, ఎంతో ప్రేమగా. "గాలి పీల్చుకో. మొదట్నుంచి చెప్పు, తల్లీ."

పిల్ల ఆగిపోయింది. నా వైపు తిరిగింది. మొహంలో ఏ కోపమూ లేదు, నాకు అదే భరించడం కష్టమైంది. బుద్ధిగా ఊపిరి తీసుకుంటూ అడిగింది. "మొదట్నుంచి చెప్పనా?"

"వద్దమ్మా" అన్నాను. "ఎక్కడున్నావో అక్కణ్నుంచే చెప్పు."

పెద్దావిడ వైపు తిరిగి, "ఏమనుకోకండీ. తప్పు నాదేనండి" అన్నాను. ఆవిడకు ఒక్క ముక్క అర్థమైనట్టు లేదు. అయినా, "పర్లేదండీ, పర్లేదు" అని మా ఇద్దరికీ లడ్డూ విరిచి ఇచ్చింది.

"బా బా బా బాతు" అని పిల్ల ఆగిన చోటునుంచే అందుకుంది. లెక్కపెట్టలేదని రాస్తే ఇక్కడ బాగుంటుంది. లెక్కపెట్టాను. కానీ ఈసారి లెక్కపెట్టి కూడా నోరు మూసుకున్నాను. నా వరకు అది పురోగతే.

తాడేపల్లిగూడెంలో దిగేసరికి గూడబాతు యూకేజీలో చేరింది గానీ, దానికి ఇంకా టీచరు దొరకలేదు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాం. కాసేపటికి అల్లుడు స్కూటరు తాళం వేలికి తిప్పుకుంటూ, ఉల్లిపాయల వాసనతో వచ్చాడు. "ఏవండీ మావయ్యగారూ, రైలెళ్లిపోయి చాలాసేపైందండీ. బయట వెతుకుతున్నాను. పదండి."

"ఆగండి అల్లుడుగారూ" అన్నాను. "ఇంకా అవలేదు."

అల్లుడు నన్నూ, కూతుర్నీ మార్చి మార్చి చూసి, బెంచీ చివర కూర్చున్నాడు. పిల్ల వాళ్ల నాన్న కోసమని కథ మళ్లీ పడవెక్కిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది, ఎవరూ చెప్పకుండానే.